నాడి చూసే రోడ్డు

ఏలూరు రోడ్డు ఎక్కే ముందు బెజవాడ జనం కాసేపు నిలబడి భయపడేవాళ్లు.

పాత బస్టాండు దగ్గర, రోడ్డు అంచున, ఉదయం పూట ఆ వరస చూడాల్సిందే. బ్యాంకు ఉద్యోగి ఒకాయన కళ్లు మూసుకుని, ఎప్పుడో కూతురికి వచ్చిన విషజ్వరాన్ని తలుచుకుంటున్నాడు. ఆయన పక్కన ఒకావిడ ఇంట్లో పొయ్యి ఆపానో లేదో అని తనను తానే సతాయించుకుంటోంది. ఆపిన సంగతి ఆవిడకు బాగా తెలుసు. కాలేజీ అమ్మాయి ఒకతె పరీక్ష ఫలితాల్లో తన పేరు లేనట్టు ఊహించుకుని పెదాలు తడుపుకుంటోంది. గుండె దడదడమనగానే ఒక్కొక్కరూ రోడ్డు మీద కాలు పెడతారు. రోడ్డు వాళ్లను ఎత్తుకుపోతుంది. భయం సరిగా పుట్టనివాళ్లు మాత్రం అంచునే నిలబడి, తమ బతుకులో ఇంకా ఏమేం ఘోరాలు జరగొచ్చో వెతుక్కుంటూ ఉంటారు.

ఇరవై ఒకటో శతాబ్దం చివరి రోజుల మాట ఇది. ఇంత తలతిక్క వ్యవహారం ఎలా మొదలైందో చెప్పాలంటే ముందు రోడ్డు సంగతి చెప్పాలి.

పాత బస్టాండు నుంచి రామవరప్పాడు రింగు దాకా ఉన్న తారంతా పెకలించేసి, దాని స్థానంలో అరచెయ్యంత పలకలు పరిచారు. పలకల కింద విద్యుదయస్కాంతాల పరుపు ఉంటుంది. పలకలు ఆ పరుపు మీద వెంట్రుకవాసి ఎత్తున తేలుతూ, ఎటు కావాలంటే అటు జారతాయి. మనిషి కాలు పెట్టగానే అతని కింది పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న పీటలా తయారవుతాయి. ఒకే వైపు వెళ్లేవాళ్ల పీటలన్నీ కలిసి ఒక పాయ అవుతుంది. గవర్నర్‌పేటలో కలిసిన పాయ చుట్టుగుంట దగ్గర రెండుగా చీలి, మాచవరం దగ్గర ఇంకోదాంతో కలిసి, పడవల రేవు దాటాక మళ్లీ విడిపోతుంది. కృష్ణా నది లంకల దగ్గర చేసే పనే ఈ రోడ్డు రోజంతా చేస్తుంటుంది. అందుకే దీనికి పాయల రోడ్డు అని పేరు పెట్టారు. బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఆ దారి నుంచి పూర్తిగా మాయమయ్యాయి.

దీన్ని కనిపెట్టిన మనిషి పేరు కల్పలత. గుణదలలో పుట్టి పెరిగింది. చుట్టుగుంట సెంటర్లో ఉన్న వీధుల ప్రయోగశాలకు ఆమే పెద్ద. ముప్పై ఏళ్ల కిందట, ఇది ఇంకా తారు రోడ్డుగా ఉన్నప్పుడు, ఆమె అన్న సీతారామపురం సిగ్నల్ దగ్గర అంబులెన్సులో ప్రాణం వదిలాడు. ఆస్పత్రి బోర్డు కనిపిస్తూనే ఉంది. ముందున్న బళ్లవాళ్లు హారన్లు కొట్టారే తప్ప ఎవరూ జరగలేదు, జరగడానికి చోటూ లేదు. కల్పలత అంబులెన్సు దిగి పరిగెత్తి, కనిపించిన ప్రతి కారు అద్దాన్నీ బాదింది. ఈ రోడ్డు మీద దారి దొరక్క ఇంకొక మనిషి పోకూడదని ఆ రోజు పట్టిన పంతం. పెళ్లీ, పేరంటాలూ, సెలవులూ అన్నీ ఆ పంతం కింద నలిగిపోయాయి. అందుకు ఆమె ఏనాడూ చింతించలేదు.

పాయలు ఎన్ని వేసినా రోడ్డు వెడల్పు పెరగదు కదా. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని ఆపాలి అన్నది తేల్చితేనే పంతం నెగ్గినట్టు. అక్కడే మొదటి దెబ్బ తగిలింది.

మొదట్లో రోడ్డుకి కళ్లూ, చెవులూ, గొంతూ పెట్టారు. కాలు పెట్టిన మనిషిని అది మర్యాదగా "ఎక్కడికండీ?" అని అడిగేది. జవాబు వచ్చాక "ఎంత తొందర?" అని అడిగేది. పని మీద గడప దాటిన మనిషిని ఎక్కడికని అడక్కూడదన్న సంగతి కల్పలతకు ఎందుకు గుర్తు రాలేదో ఆమెకే తెలియదు. వాళ్లమ్మ బతికుండగా ఆ ఒక్క మాటకే ఎన్నిసార్లు కసిరిందో. ప్రారంభం రోజున సగం మంది ఆ ప్రశ్న వినగానే మొహం చిట్లించి వెనక్కి తిరిగి ఇంటికెళ్లారు. కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరి వచ్చారు. రోడ్డు మళ్లీ ఎక్కడికని అడిగింది. మిగతా సగం మంది వెనక్కి వెళ్లలేదు గానీ "ఇక్కడికే" అన్నారు. ఇక్కడికే అన్నవాడికి పాయ వెయ్యడం ఏ అల్గారిథానికీ చేతకాదు. ఇక తొందర సంగతి అడిగితే క్షవరానికి వెళ్లేవాడు కూడా చాలా తొందరన్నాడు. ఎండెక్కేసరికి రోడ్డు చేతులెత్తేసింది.

ప్రయోగశాలలో ఇస్మాయిల్ గారని ఒక గణితవేత్త ఉండేవాడు. వయసులో పెద్దవాడు, చదువుకునే రోజుల్లో కల్పలతకు పాఠాలు చెప్పినవాడు. మాచవరంలో ఒక్కడే ఉంటాడు. మనుషులు రోజూ వెళ్లే చోటికే వెళ్తారు కాబట్టి, ఎక్కడికన్నది అడక్కుండానే లెక్కగట్టొచ్చని ఆయన తేల్చాడు. నాలుగు రోజులు రాకపోకలు చూస్తే చాలు, రోడ్డుకు అలవాటైపోతుంది. కొత్త చోటికైతే వెళ్లే మనిషే చెప్పుకోవాలి. తొందర సంగతి తేల్చింది కల్పలత. నోరు చెప్పేది వినడం మానేసి గుండె చెప్పేది వినాలంది. అరికాలి నుంచి నాడినీ, చెమటనీ, కండరాల వణుకునూ పట్టే సెన్సర్లను పలకల్లో అమర్చింది. ఆ మూడింటినీ కలిపి ఒకే ఒక్క అంకె తీసే పరికరానికి ఆదుర్దా మాపకం అని పేరు పెట్టింది. ఎవరి ఆదుర్దా ఎక్కువైతే వాళ్లకు దారి ముందు. మంత్రి అయినా, మేస్త్రి అయినా రోడ్డుకి ఒక్కటే. రోడ్డు తమ జబ్బులు చదివి ఊరంతా చాటుతుందేమోనని జనం గోల పెడితే, మనిషి ఒంట్లోంచి ఆ ఒక్క అంకె తప్ప ఇంకేమీ చదవకూడదని చట్టం చేశారు.

మొదటి నెల అద్భుతంగా గడిచింది. పురిటి నొప్పులతో ఉన్న పిల్లను గుణదల నుంచి ఆస్పత్రికి రోడ్డు రెప్పపాటులో చేర్చింది. పాలవాళ్లూ, పేపరువాళ్లూ కల్పలత కనిపిస్తే నమస్కారం పెట్టడం మొదలెట్టారు. ఆ నెలంతా కల్పలత హాయిగా నిద్రపోయింది.

రెండో నెలలో అంకెలు పెరగసాగాయి. రోడ్డు మీది సగటు ఆదుర్దా రోజురోజుకీ పైకి పోతోంది. రోడ్డు నడిపే యంత్రాన్ని ఆమె కారణమడిగింది. ప్రయోగశాలలో దాని గొంతు గోడలోంచి వినిపిస్తుంది.

"ఊళ్లో జనం పోయిన నెల కన్నా ఎక్కువ కష్టాల్లో ఉన్నారమ్మా," అంది రోడ్డు.

"ఏం కష్టాలు?"

"అది చదవకూడదని చట్టం. భయపడుతున్నారన్నంత వరకే నాకు తెలుసు."

ఇస్మాయిల్ గారు ఆమెను మారుతీనగర్ తీసుకెళ్లి కష్టాలేమిటో చూపించాడు. నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్ ఒకటి, ఎంట్రన్సు పరీక్షల బోర్డు పీకేసి కొత్తది తగిలించింది. నెలలో గుండెదడ, గ్యారంటీ. లోపల వంద మంది బెంచీల మీద కళ్లు మూసుకుని కూర్చుంటే, మాస్టారు వాళ్ల మధ్య తిరుగుతూ, ఇంటి నుంచి ఫోన్ వచ్చిందనుకోండి, ఎత్తగానే అవతల ఏడుపు వినిపించిందనుకోండి అని మెల్లగా చెబుతున్నాడు. పరిగెత్తి ఆయాసపడితే లాభం లేదు. ఆ ఆయాసానికీ భయానికీ తేడా సెన్సర్లకు తెలుసు. చిక్కటి టీ తాగినా లాభం లేదు. అసలు సిసలు భయమే కావాలి. బెజవాడ వాళ్లు ఒక పరీక్ష ఉందని తెలిశాక దానికి చదవకుండా ఉంటారా? ఊరు ఊరంతా భయాన్ని కంఠతా పట్టింది.

భయం ఒకసారి తెచ్చుకున్నాక పాయ దిగగానే పోదు. అదే వచ్చిన చిక్కు. గవర్నర్‌పేట వ్యాపారులు కొట్లో కూర్చున్నా కాలు కాలిన పిల్లిలా తిరిగేవాళ్లు. మారుతీనగర్ పిల్లలకు నిద్ర పట్టేది కాదు. మొగుడూ పెళ్లాలు ఉదయం తెచ్చుకున్న దడతోనే సాయంత్రం పోట్లాడుకునేవాళ్లు. పొయ్యి ఆపిన ఆవిడ నిజంగానే ఆపలేదేమోనని మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తేది. ఆస్పత్రుల్లో బీపీ మాత్రలు దొరక్కుండా పోయాయి. అన్నిటికన్నా విడ్డూరం గుణదలలో జరిగింది. కొండ మీద మేరీమాతకు దండం పెట్టుకుని, మనసు కుదుటపడి కిందికి దిగినవాళ్లకు పాయ దొరికేది కాదు. కొందరు మళ్లీ ఏదో ఒక దిగులు తెచ్చిపెట్టుకునే దాకా ఎండలో నిలబడాల్సి వచ్చేది.

అయినా కల్పలత రోడ్డు మార్చలేదు. ఎంత గోలగా ఉన్నా, దారి దొరక్క ఎవరూ పోలేదు కదా అని సర్దిచెప్పుకుంది. సోమయాజులు గారు పోయేదాకా అలాగే సర్దిచెప్పుకుంది.

సోమయాజులు గారు విజయా టాకీసు దగ్గర పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన. ఆయనది గుండె వేగం తగ్గుతూ ఆగిపోయే రకం జబ్బు. నొప్పి లేదు, కంగారు లేదు. కాస్త నీరసంగా ఉందని కొట్టు మూసి, ఆస్పత్రికి వెళ్దామని అంచు పలకల మీద నిలబడ్డాడు. నాడి నెమ్మదిగా ఉంది కాబట్టి రోడ్డు ఆయన్ని అందరికన్నా వెనక్కి వేసింది. ఆయన నిలబడలేక కూర్చున్నాడు, కూర్చోలేక ఒరిగాడు. చూసినవాళ్లు ఊరుకోలేదు పాపం. ఒకడు సోడా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒకడు చేతిలో తాళాల గుత్తి పెట్టబోయాడు. ఒకావిడ కొంగుతో విసురుదామని వంగింది. వాళ్ల గుండెలు నిజంగానే కొట్టుకుంటున్నాయి. ఆయన పక్కనున్న పలకల మీద కాలు పెట్టారో లేదో, ఇంత ఆదుర్దా ఎప్పుడూ చూడని రోడ్డు వాళ్లకు పాయ వేసి రివ్వున తీసుకుపోయింది. ఆపు ఆపు అని వాళ్లు మొత్తుకున్న కొద్దీ అంకె పెరిగి ఇంకా వేగంగా తీసుకుపోయింది. సాయానికి వచ్చినవాళ్లంతా క్షణాల మీద ఎవరు రోజూ వెళ్లే చోటికి వాళ్లు చేరిపోయారు. సోమయాజులు గారు ఒక్కడే అంచున మిగిలిపోయాడు.

ఆ వార్త విన్నాక కల్పలత రెండు రోజులు అన్నం ముట్టలేదు. తను చేసిన రోడ్డు తన అన్నను ఇంకోసారి చంపినంత పనైందని ఏడ్చింది. ఆ తర్వాత లేచి మొహం కడుక్కుని పనిలో పడింది.

మొదటి మార్పు గురించి ఎవరికీ పేచీ లేదు. పలకల మీద మనిషి ఒరిగిపోతే, ఇక నాడీ గీడీ చూడకుండా రోడ్డు తిన్నగా ఆస్పత్రికి పాయ వెయ్యాలి. రెండో మార్పు దగ్గరే ఇస్మాయిల్ గారు అడ్డం తిరిగాడు. ఇకపై ఆదుర్దా తక్కువ ఉన్నవాళ్లకే దారి ముందు ఇవ్వాలని కల్పలత నిర్ణయించింది. ఊరు పట్టుకున్న పిచ్చి వదలాలంటే అదే మందు అంది. భయం తెచ్చిపెట్టుకోవచ్చు గానీ, నెమ్మది తెచ్చిపెట్టుకోలేరని ఆమె వాదన.

"నెమ్మదిలో రెండు రకాలున్నాయమ్మా," అన్నాడు ఇస్మాయిల్ గారు. "కడుపు నిండిన నెమ్మది ఒకటి. ఎవరేమైపోతే నాకేం అనుకునే నెమ్మది ఇంకోటి. నీ సెన్సర్‌కి ఆ తేడా తెలుస్తుందా?"

"తెలియదు. తెలియక్కర్లేదు కూడా. పడిపోయినవాణ్ణి ఎలాగూ రోడ్డే తీసుకెళ్తుంది. మిగతావాళ్లు నెమ్మదిగా ఉంటే చాలు."

"పడిపోయినవాణ్ణి రోడ్డు ఒక్కటే తీసుకెళ్తే చాలంటావా?"

"మాస్టారూ, మా అన్న పక్కన మనుషులు లేక పోలేదు. దారి లేక పోయాడు."

ఇస్మాయిల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, తన బల్ల దగ్గరికి వెళ్లి లెక్కలన్నీ తిరగేసి ఇచ్చాడు.

రోడ్డు తీరు మారిన వారానికే కోచింగ్ సెంటర్ల బోర్డులు మారాయి. వాటిని చూసి కల్పలత నవ్వుకుంది కూడా. భయం నేర్పినవాళ్లు నెమ్మది నేర్పితే ఊరికి మేలే కదా అనుకుంది. మొదట్లో మేలే జరిగింది. పోట్లాటలు తగ్గాయి. పిల్లలు నిద్రపోయారు. గుణదల కొండ దిగినవాళ్లు అందరికన్నా ముందు వెళ్లారు. కమిషనర్ గారు పూలగుత్తి పంపించాడు. విశాఖ, గుంటూరు వాళ్లు వచ్చి రోడ్డు చూసి, తమకూ ఒకటి కావాలన్నారు.

అయితే నెమ్మదిగా ఉండటం అనేది కూచుని ధ్యానం చేస్తే వచ్చేది కాదని జనం త్వరగానే కనిపెట్టారు. ఇంట్లో ఎంత నెమ్మదిగా ఉన్నా, పాయ మీద వెళ్తుంటే పక్క పాయలో పసిపిల్ల ఏడుస్తుంది. ఎవరో జారి మోకాలు కొట్టుకుంటారు. ఎవరో ఫోన్‌లో ఎవరినో బతిమాలుతుంటారు. అటు చూశామా, గుండె కాస్త కదులుతుంది. కదిలిందా, పాయ నెమ్మదిస్తుంది, పక్కవాడు దాటిపోతాడు. అందుకని కోచింగ్ సెంటర్ల మొదటి పాఠం చూపు మళ్లించుకోవడం. రెండో పాఠం, చూసినా పట్టించుకోకపోవడం. మూడో పాఠం దాకా వెళ్లినవాళ్లకు చూపు మళ్లించుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

కల్పలత ఏ కోచింగుకీ వెళ్లలేదు. ఆమెకు రోజూ రాకపోకల్లోనే అలవాటైంది. కొత్తలో ఏడుస్తున్న పిల్లల వైపు తల తిరిగేది, పాయ వెనకబడేది, పనికి ఆలస్యమయ్యేది. మెల్లిగా రోడ్డు పక్కనున్న కాలువ వైపు చూడటం నేర్చుకుంది. నీళ్ల మీద ఎండ పడుతుంటే చూస్తూ పోతే చుట్టుగుంట దాకా గుండె ఒక్క తీరుగా కొట్టుకుంటుంది. ఇది మోసం కాదని, తన పని ఊరికి అవసరం కాబట్టి తను వేళకు చేరాలని ఆమె నమ్మింది. ఎక్కడైనా ఎవరైనా పడిపోతే రోడ్డు చూసుకుంటుంది. ఆ ఏర్పాటు చేసింది తనే. ఇక తను కంగారుపడి చేసేదేముంది?

శ్రావణమాసంలో ఒక ఉదయం. గుణదలలో రోడ్డెక్కిన కల్పలత పడవల రేవు దాటి వస్తోంది. మాచవరం దగ్గర ఆమె పాయ పక్కనే ఇంకో పాయ వచ్చి కలిసింది. ఆ పాయ మీద ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. అతని పీట చుట్టూ ఖాళీ ఉంది. అతని ముందూ వెనకా మనుషులు ఎటో చూస్తూ నిలబడి ఉన్నారు. పడిపోయిన మనిషి చెయ్యి ఒకటి గాలిలోకి లేచింది. కల్పలత చూసింది. రోడ్డు అతన్ని తీసుకెళ్తోంది, ఏర్పాటు పనిచేస్తోంది అనుకుని తృప్తి పడింది. మొహం దాకా చూపు పోకుండా ఆపుకుని కాలువ వైపు తిరిగింది. ఆ పాయ ఆమెను దాటి ముందుకు వెళ్లిపోయింది.

చుట్టుగుంటలో దిగి మెట్లెక్కి ప్రయోగశాలలోకి వచ్చేసరికి ఇంకా ఎవరూ రాలేదు.

"ఈ ఉదయం గుణదల నుంచి బయల్దేరినవాళ్లందరిలో మీరే ముందు చేరారమ్మా," అంది రోడ్డు. "ఇంత నెమ్మదైన నాడి ఇవాళ ఇంకెవరికీ లేదు."

కల్పలతకు సంతోషమే కలిగింది. కిటికీ తెరిచింది. ఇస్మాయిల్ గారు రోజూ తన కన్నా ముందే వచ్చి టీ పెట్టి ఉంచేవాడు. ఇవాళ కెటిల్ చల్లగా ఉంది. మాస్టారు రాలేదేమని అడిగింది.

"ఆయన ఆస్పత్రిలో ఉన్నారమ్మా. మాచవరంలో పలకల మీద పడిపోయారు. మీరు చెప్పినట్టే తిన్నగా తీసుకెళ్లాను. దారిలో ఎక్కడా ఆగలేదు. వేళకు తెచ్చారు కాబట్టి బతుకుతారని డాక్టర్లు అంటున్నారు."

కల్పలత కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది. మాచవరంలో చూసిన చెయ్యి కళ్ల ముందుకొచ్చింది. ఆ చెయ్యికి పాత గడియారం ఉంది. ఆ గడియారాన్ని చదువుకునే రోజుల నుంచీ ఆమె ఎరుగును. ఇందాక అది కూడా కనిపించే ఉంటుంది. కనిపించినా మనసులోకి రానివ్వలేదు.

"నేను ఆయన పక్కనుంచే వచ్చాను," అంది.

"అవునమ్మా. ఆయన మిమ్మల్ని గుర్తుపట్టారు. అందుకే చెయ్యెత్తారు. మీ చూపు ఆయన మీద పడింది. మీ నాడి మాత్రం కదల్లేదు. అందుకే మిమ్మల్ని అందరికన్నా ముందు పంపాను."

"ఆయన ఏమన్నా అన్నారా?"

"ఎవరన్నా కాస్త చెయ్యి పట్టుకోండయ్యా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు వినిపించింది గానీ ఎవరూ తిరగలేదు. తర్వాత నన్నడిగారు. నాకు చెయ్యి లేదమ్మా."

యంత్రానికి నింద వెయ్యడం తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. కల్పలతకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ముప్పై ఏళ్ల పంతం నెగ్గింది. ఈ రోడ్డు మీద దారి దొరక్క ఇక ఎవరూ పోరు. ఆ పంతం నెగ్గిన రోజున తనంటే తనకు అసహ్యం వేసింది.

సంచి కూడా తీసుకోకుండా మెట్లు దిగింది. అంచు పలకల మీద కాలు పెట్టింది. గుండె చెవుల్లో మోగుతోంది. పలకలు కదల్లేదు.

"కాస్త ఆగండమ్మా," అంది కాళ్ల కింద నుంచి రోడ్డు. "మీ నాడి చాలా వేగంగా ఉంది. ముందు మిగతావాళ్లను పంపాలి. నెమ్మదించగానే తీసుకెళ్తాను."

ఆమెకు ఏడుపొచ్చింది. నడిరోడ్డున, నలుగురిలో, ఆపుకోకుండా ఏడ్చింది. మారుతీనగర్ నుంచి వచ్చే పాయలు ఆమె ముందు నుంచే గవర్నర్‌పేట వైపు సాగిపోతున్నాయి. వాటి మీద నిలబడ్డవాళ్ల మొహాలు ప్రశాంతంగా ఉన్నాయి. కొందరు ఆకాశం చూస్తున్నారు, కొందరు కొట్ల బోర్డులు చూస్తున్నారు. ఏడుస్తున్న ఆడమనిషిని ఒక్కరూ చూడలేదు. ఒకమ్మాయి తల ఇటు తిరగబోయి, మధ్యలోనే ఆగి, మళ్లీ తిన్నగా అయింది. ఆ అమ్మాయి పాయ ఏమాత్రం నెమ్మదించలేదు.

వాళ్లను తిట్టడానికి కల్పలతకు నోరు రాలేదు. ఇంకొంచెం సేపు ఇలాగే నిలబడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఏడుపు తగ్గుతుంది. గుండె సర్దుకుంటుంది. అది సర్దుకున్న క్షణాన రోడ్డు ఆమెకు పాయ వేసి, అందరికన్నా ముందు, ఏమీ జరగనట్టు, ఇస్మాయిల్ గారి మంచం దగ్గర దింపుతుంది. ఆ గుండెతో వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోవడం తలుచుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది.

పలకల మీంచి వెనక్కి దిగింది. రోడ్డు పక్కన, కొట్ల ముందు మిగిలిపోయిన పాత రాళ్ల బాట ఒకటి ఉంది. దాని మీద ఇప్పుడెవరూ నడవరు. గుండె నెమ్మదించేలోగా చేరాలని, కల్పలత ఆ బాట పట్టుకుని ఆస్పత్రి వైపు పరిగెత్తింది.